ఒకటే అచ్చుతప్పు

"కలుపు చావడానికి ఉప్పునీళ్లు పోయమని వందల సైట్లు చెప్తుంటే, నువ్వొక్కదానివే కాదంటావా?" ఎడిటర్ గారు ఆమె తోటపని శీర్షికకి రాసిన వ్యాసాన్ని బల్లమీదికి విసిరారు.

"ఉప్పుకి మట్టి కూడా పాడైపోతుంది సార్. ఆ సైట్లన్నింటిలోనూ ఒకటే వాక్యం, ఒకటే అచ్చుతప్పు. ఆ వాక్యాన్నే ఉన్నదున్నట్టు నెట్‌లో కొట్టి, పాత తేదీలదాకా వెతికాను. అందరూ ఒక్క వ్యాసంలోంచే ఎత్తేశారు."

"ఎవడా మహానుభావుడు?"

ఆమె ఫోన్ ఆయన ముందు పెట్టింది. వ్యాసం కింద ఆయన పేరే ఉంది.

ఆయన గొంతు తగ్గింది. "నా పరువు తీస్తావా తల్లీ?"

"తప్పు రాశానని మీ పేరుతోనే వేయండి. లేదంటే నా శీర్షిక ఆపేయండి." తలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. "ఇంటికెళ్లి అమ్మచేత చెప్పించినా నేను మాట మార్చను నాన్నా."

ఆయన పెన్ను మూత తీసి, తెల్లకాగితం మీద 'సవరణ' అని రాశారు.