వెయ్యీ ఎనభై తొమ్మిది

"ఆ సంచీ కూడా తెరువు," అంది అక్క.

తమ్ముడి భార్య భుజానికున్న సంచీ తీసి మంచం మీద బోర్లించింది. దువ్వెన, తాళాలు, కళ్ళజోడు పెట్టె, సగం తిన్న బిస్కెట్ల పొట్లం దొర్లాయి. క్యాసెట్ లేదు.

"చూశారుగా వదినా. ఇంకేం తెరవమంటారు?"

"పొద్దున అలమారా సర్దింది నువ్వు. మధ్యాహ్నానికి అది లేదు. ఇంక నేను చెప్పేదేముంది?"

తల్లి పోయాక అక్కా తమ్ముడూ ఆ ఇల్లు ఖాళీ చేస్తున్నారు. గిన్నెల దగ్గర, పరుపుల దగ్గర ఎవరికీ పేచీ రాలేదు. పేచీ అంతా ఒక పాత క్యాసెట్ దగ్గర వచ్చింది. పెళ్ళికి ముందు తల్లి పాడిన పాట ఉంది అందులో. ఆవిడ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. నాక్కావాలంటే నాక్కావాలని ఇద్దరూ ఉదయమంతా వాదించుకున్నారు. కాపీ తీయించుకుందామనుకున్నా, అసలుది ఎవరి దగ్గరుండాలన్న దగ్గర గొడవ మళ్ళీ మొదటికొచ్చింది. భోజనాలయ్యాక చూస్తే డబ్బా ఉంది, లోపల క్యాసెట్ లేదు.

అక్కకి మరదలి మీద అనుమానం. మరదలికి, పైకి అనకపోయినా, మొగుడి మీద అనుమానం. ఇందాకటి నుంచీ ఊరికే బాల్కనీలోకి వెళ్ళి వస్తున్నాడు. తమ్ముడికేమో అక్క మీదే. తనే దాచేసి, తనే గోల చేస్తోందని.

"పోనీ పోలీసుల్ని పిలవమంటావా?" అన్నాడు వెటకారంగా.

"పిలువు. ముందు వణికేది నీ పెళ్ళామే."

ఆ మాటతో మరదలు సామానంతా సంచీలో కుక్కుకుని చెప్పులు వేసుకుంది. "నేను వెళ్తున్నాను. ఈవిడ ఉన్న చోటికి ఇక రాను. మీరు వస్తారో, ఇక్కడే ఉంటారో మీ ఇష్టం," అంది భర్తతో.

"ఆగమ్మా," అన్నారు మామయ్య.

మామయ్య, పోయినావిడకి అన్నగారు. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొద్దుట్నుంచీ కిటికీ పక్కన కూర్చుని, ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఇప్పుడు లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఇది నేను తేలుస్తాను. ముగ్గురూ తలో కాగితం తీసుకోండి."

"ఇదేమైనా క్లాసా మామయ్యా?" అంది అక్క.

"అరుపులతో తేలలేదు కదా. లెక్కతో తేలుద్దాం. మూడంకెల సంఖ్య ఏదైనా రాసుకోండి. మొదటి అంకె చివరి అంకె కంటే కనీసం రెండు ఎక్కువుండాలి. అంతే. పక్కవాళ్ళకి చూపించకండి."

ముగ్గురూ కూర్చుని రాశారు.

"దాన్ని తిరగేసి రాసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యండి. వచ్చినదాన్ని మళ్ళీ తిరగేసి, రెండూ కలపండి. మనసులో దాపరికం లేనివాళ్ళందరికీ ఒకటే జవాబొస్తుంది. ఉన్నవాళ్ళ చెయ్యి ఎక్కడో తడబడుతుంది."

"ఎవరి సంఖ్య వాళ్ళది. జవాబు ఒకటే ఎలా వస్తుంది?" అన్నాడు తమ్ముడు.

"రాకపోతే అప్పుడడుగు."

అక్క 732 రాసుకుంది. తిరగేస్తే 237. తీసేస్తే 495. దాన్ని తిరగేసి 594 కలిపింది. "వెయ్యీ ఎనభై తొమ్మిది," అంది నమ్మకం లేని గొంతుతో.

మరదలు తన కాగితం ఆవిడ ముందుకి తోసింది. మొదలు 851. చివర 1089.

అక్క ఆ కాగితం లాక్కుని పైనుంచి కిందికి మళ్ళీ తనే లెక్క కట్టింది. తప్పు లేదు. తలెత్తి మరదలి మొహం చూడలేక తమ్ముడి వైపు తిరిగింది. వాడు కాగితం మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"చెయ్యి తియ్యండి," అంది భార్య.

తీశాడు. 989.

భార్య కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"నువ్వట్రా?" అంది అక్క. "పెళ్ళాన్ని నేనన్ని మాటలంటుంటే నోరు మూసుకుని చూశావా?"

"అక్కా, ఒట్టు. నేను ముట్టుకోలేదు."

మామయ్య గబగబా వచ్చి కాగితం మీదికి వంగారు. "చేతిలో మిగిలిన ఒకటి కలపలేదు వీడు. చిన్నప్పట్నుంచీ ఇదే జబ్బు. మళ్ళీ కలపరా."

మళ్ళీ కలిపాడు. 1089.

అక్క మంచం మీద కూలబడింది. కాసేపటికి మరదలి చెయ్యి పట్టుకుంది. "నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు." మరదలు చెప్పులు విడిచింది. సామాన్ల మధ్య ఎక్కడో పడి ఉంటుందిలే, దొరుకుతుందని తమ్ముడన్నాడు. అందరూ అదే నిజమనుకున్నారు. టీ తాగారు. అమ్మ ఎక్కడెక్కడ ఏవి దాచి మర్చిపోయేదో చెప్పుకుని నవ్వుకున్నారు కూడా.

సాయంత్రం మామయ్య బయల్దేరితే మరదలు గేటు దాకా వచ్చింది.

"వంటింట్లో వేరే సంఖ్యలతో మళ్ళీ చేశాను. అన్నిటికీ అదే వచ్చింది."

ఆయన నడక ఆపారు. "ఏది తీసుకున్నా అదే వస్తుందమ్మా. ఆ లెక్క అంతే."

"అంటే దొంగకి కూడా?"

"దొంగకి కూడా. లోపల చెప్పకు."

"చెప్పను." ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా కోసం అబద్ధమాడారు. ఈ ఇంట్లో నా పరువు నిలబెట్టింది మీరొక్కరే."

ఆయన ఆమె వైపు చూడలేదు. గేటు గడియ తీయడానికి చాలాసేపు పట్టింది.

"పాటకి ముందు అత్తయ్య మీతోనే మాట్లాడతారట కదా. 'అన్నయ్యా, టేపు తిరుగుతోందా' అని. మా గొడవలో మీకు కావాలేమోనని ఎవరమూ అడగలేదు. దొరకగానే ముందు మీకే వినిపిస్తాం."

ఆయన తలూపి, మలుపు దాకా వెనక్కి తిరక్కుండా నడిచారు.

చెల్లెలి గొంతు ఆయన కోటు లోపలి జేబులో ఉంది.