నాగా పడని రోజు

“నాయినా, డ్యూటీ కూత!” అని పోశం అరిచాడు.

నర్సింగం దిగ్గున లేచి నిలబడ్డాడు. లాంచీలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. కూసింది గని సైరన్ కాదు మరి, లాంచీయే. మంథని రేవు దగ్గరపడింది.

“గోదారి నడుమకు తెచ్చినా నిన్ను బాయి ఇడిసిపెట్టదా?” అంది అతని భార్య అనసూర్య. గోదావరిఖనిలో గనిని అందరూ బాయి అనే అంటారు.

నర్సింగం సిగ్గుపడుతూ కూర్చుని చిన్నదాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. ఆ పిల్ల, సమ్మక్క, అలవాటుగా తండ్రి జేబులో చెయ్యి పెట్టి వెతికింది. రోజూ ఆడుకునే ఇత్తడి బిళ్ళ దొరకలేదు. నంబరు కొట్టిన ఆ బిళ్ళ మెడలో వేసుకోనిదే ఎవరినీ బాయిలోకి దిగనివ్వరు.

“బిళ్ళేది నాయినా?”

“బాయి కాడ ఉంది బిడ్డా. గటు చూడు, కొంగలు!”

వానలు వెలిశాక మంచిర్యాల సేటు ఒకాయన గోదావరిలో లాంచీ దింపాడు. పొద్దున ఎక్కితే మంథని దాకా తీసుకుపోయి సాయంత్రానికి తిరిగి తెస్తాడు. అప్పటినుంచీ పోశం ఒకటే పోరు. నర్సింగం రేపు మాపు అంటుండగానే జ్వరం వచ్చి మంచాన పడ్డాడు. ఉన్న సెలవులన్నీ దానికే పోయాయి. ఇప్పుడు నీళ్లు తగ్గిపోతున్నాయి, ఇదే ఆఖరి ట్రిప్పు. ఇంకొక్క నాగా పెట్టావంటే ఇంటికి పంపిస్తామని ఆఫీసులో ఖరాఖండిగా చెప్పారు. అందుకే అనసూర్యకు తిన్నది ఒంటబట్టడం లేదు.

“నిజం చెప్పు. పని పోతే ఈ పిల్లలతోని ఏం గావాలె మనం?”

“నాగా పడదంటి గదా. ఫికర్ చెయ్యకు. సారవ్వకు మాత్రం చెప్పకు. దాని నోట్లె నువ్వుగింజ నానదు.”

సారవ్వ పక్క క్వార్టరులో ఉంటుంది. నర్సింగాన్ని అన్నా అని నోరారా పిలుస్తుంది. ఆమె మొగుడు కొమురెల్లి నర్సింగానికి ప్రాణస్నేహితుడు. ఇంకా పర్మినెంటు కాలేదు, ఎవరైనా రాని రోజునే అతనికి పని. తల్లిగారింటికి పోతున్నానని సారవ్వతో అబద్ధమాడి వచ్చింది అనసూర్య.

“కొమురెల్లి మామ ఎందుకు రాలే?” అని పోశం అడిగాడు.

“వాళ్లవ్వకు పానం బాగలేదు. కమాన్‌పూర్ పోయిండు,” అన్నాడు నర్సింగం నీళ్ల వైపు చూస్తూ.

ఆ తెల్లవారుజామున కొమురెల్లి వాకిట్లోకి వచ్చాడు. కాళ్లకు నర్సింగం బూట్లు.

“కమాన్‌పూర్‌కు బూట్లెందుకు?” అని అనసూర్య నవ్వింది.

“తొవ్వంత బురద గదా అక్కా, బావయి అడుక్కున్న. పిల్లలను నీళ్ల కాడ జర భద్రం,” అంటూ ఆమె ఇచ్చిన సర్వపిండి మూట పట్టుకుని వెళ్లిపోయాడు.

రేవులో మక్కకంకులు కాల్చుకుని తిన్నారు. పోశం లాంచీ నడిపే ఆయన్ను బతిమాలి చక్రం పట్టుకున్నాడు. సమ్మక్క నీళ్లలో చెయ్యి పెట్టి, గోదారి నన్ను గుంజుతుందని కిలకిల నవ్వింది. పిల్లలు లేవకముందే బాయికి పోయే మనిషి, వచ్చాక ముసుగుతన్ని పడుకునే మనిషి, ఆ రోజంతా ఎండలో కూర్చుని వాళ్లను చూస్తూనే ఉన్నాడు. ఎంత సంతోషపడ్డాడో! అనసూర్యకు ఏడుపొచ్చినంత పనైంది. ఇలాంటి రోజు ఇంకొకటి ఇవ్వమని గోదారి తల్లికి మొక్కుకుంది.

తిరిగి లాంచీ ఎక్కబోతూ నర్సింగం గాలికి తిరిగే కాగితపు గిరకలు మూడు కొన్నాడు.

“మనకు ఇద్దరే గదా?”

“కొమురెల్లి బిడ్డకొకటి.”

“మరి యాడిదని సారవ్వ అడిగితే?”

“ఏదో చెప్పుదాం తియ్యి. గసోంటి మనిషికి ఏం చేసినా తక్కువే.”

పొద్దుగూకుతుండగా ఊళ్లోకి వచ్చారు. అనుకున్న ప్రకారం నర్సింగం సందు మొదట్లో ఆగిపోయాడు. డ్యూటీ దిగి వస్తున్నవాడిలా కాసేపాగి రావాలి. పిల్లలతో ముందు నడిచిన అనసూర్య క్వార్టరు ముందు ఆఫీసు జీపును, జనాన్ని చూసింది. దొరికిపోయామనుకుంది.

సారవ్వ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకుంది.

“వదినె! నీ రాత గిట్ల రాసిండా దేవుడు! మా అన్నను బాయి మింగింది వదినె!”

అనసూర్యకు ఏమీ అర్థం కాలేదు. గనిలో ఆ గ్యాంగుకు పెద్ద అయిన ఆగయ్య తలగుడ్డ తీసి ముందుకొచ్చాడు.

“పగటీలి పైకప్పు కూలిందమ్మా. మొఖం గుర్తుపట్టరాలే. మెడల బిళ్ళ నర్సింగందే.”

“అయ్యో, కాదు! ఆయన ఇయ్యాల పనికే పోలేదు. మాతోనే లాంచీల ఉండె!” ఉద్యోగం సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

“గదో, నాయిన!” అని పోశం చెయ్యి చూపించాడు.

ఏడుపులు విని నర్సింగం అప్పటికే పరుగున వస్తున్నాడు. జనం నోరెళ్లబెట్టి దారి ఇచ్చారు. సారవ్వ ఒక్క అరుపు అరిచి ఎదురెళ్లింది. అతని మొహం, భుజాలు తడిమి తడిమి చూసింది. ఏడుస్తూనే నవ్వింది.

“రాజన్న దేవుడా, నా మొర ఇన్నవా! మా అన్న బతికే ఉన్నడు! ఎవలో పాపం... ఏ తల్లి కన్న బిడ్డనో! అన్నా, మా ఆయనకు జల్ది రమ్మని కమాన్‌పూర్‌కు కబురు పంపిన. నిన్ను చూస్తే ఎంత సంబురపడ్తడో!”

నర్సింగం మూడో గిరక చేత్తో పట్టుకుని ఉన్నచోటనే కూలబడ్డాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

“చెల్లె, కొమురెల్లి కమాన్‌పూర్ పోలేదు.”