చప్పట్లన్నీ తోడికోడలికే

లైసెన్సు పరీక్ష ఇంగ్లీషులో కదా, నేనూ మా తోడికోడలూ రోడ్డు గుర్తుల క్లాసులో చేరాం. టీచరమ్మ అట్ట ఎత్తడమే ఆలస్యం, "గివ్ వే", "నో ఎంట్రీ" అని అది ముందే అరిచేది. చప్పట్లన్నీ దానికే. నాకూ తెలుసు. తప్పేమోనన్న భయంతో నోట్లోనే గొణుక్కుంటూ ఉండిపోయేదాన్ని.

"చిన్నదాన్ని చూసి నేర్చుకోమ్మా," అనేవారు మా అత్తగారు. నా కడుపు భగ్గున మండేది.

ఇవాళ కొత్తావిడకు చోటిమ్మని టీచరమ్మ నన్ను దాని పక్కనుంచి వెనక బెంచీకి పంపింది. అట్ట ఎత్తింది. ఎర్రటి గుండ్రం, మధ్యలో తెల్ల గీత. తోడికోడలికి నోరు పెగల్లేదు. అబ్బ, నా కడుపులో మంట చల్లారింది!

అది వెనక్కి తిరిగి ఏడుపుమొహం పెట్టింది.

"ముందుకొచ్చెయ్ అక్కా. నీ పెదాలు కనిపించకపోతే నాకొక్క ముక్కా రాదు."