తెలీబంధా కిటికీ

“అమ్మా, ఆ గాజులు తీసెయ్,” అన్నాడు హేమంత్.

నాంచారమ్మ కొడుకుని కొట్టేసేలా చూసింది. “ఏం మాటలురా అవి? చెల్లికి తాంబూలాలు పుచ్చుకునే పూట తల్లిని గాజులు తియ్యమంటావేటి?”

“హరా రంగు ఏదీ కెమెరాకి కనబడకూడదే. సమఝో నా.”

అవి పచ్చ గాజులు. అదే వచ్చిన చిక్కు. గోడకి కట్టిన పచ్చగుడ్డని కంప్యూటర్ చెరిపేసి, ఆ స్థానంలో ఒక పెద్ద హాలునీ, తెలీబంధా చెరువు కనిపించే గోడంత కిటికీనీ చూపిస్తోంది. ముందు పచ్చగా ఏది ఉన్నా అది కూడా గుడ్డే అనుకుని చెరిపేస్తుంది. గాజులుండాల్సిన చోట చెరువు తేలుతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికే హేమంత్‌కి ఆ సంగతి బాగా తెలుసు. చెల్లెలు రజని కట్టుకున్న చిలకాకుపచ్చ చీర అప్పటికే మార్పించి ఎర్రది కట్టించాడు. గాజుల దగ్గర మాత్రం అతని ఆటలు సాగలేదు. కొంగు చేతుల మీదకి కప్పుకుని కూర్చుంటానని నాంచారమ్మ ఒప్పుకుంది, అంతే.

ఇదంతా మేనమామ మల్లేశ్వరరావు చలవ. విశాఖలో సంబంధం మాట్లాడేటప్పుడు, రాయపూర్‌లో మా బావకి తెలీబంధా చెరువుకి ఎదురుగా సొంత ఇల్లుందని కోసేశాడు. ఉన్నది రెండు గదుల రైల్వే క్వార్టరు, అదీ తండ్రి అచ్చయ్య రిటైరయ్యేదాకే. ఇదేం పని అని నిలదీస్తే, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా అన్నాడు. అతను ఆడింది ఒకటే. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ హేమంత్ నెత్తిన పడ్డాయి. లాక్‌డౌన్ వల్ల రాకపోకలు లేవు, తాంబూలాలు వీడియోలోనే. మీ ఇల్లు కూడా చూసినట్టుంటుందని పెళ్లివారు సరదా పడ్డారు మరి.

నిజం చెప్పేద్దామని రజని రెండు రోజులుగా పోరుతోంది. పెళ్లికొడుకు మహేంద్రతో ఫోన్లో మాట్లాడి మాట్లాడి మనసు ఇచ్చేసింది పిల్ల. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేదు.

“చెబుదాం తల్లీ, తాంబూలాలు అయ్యాక చెబుదాం,” అన్నాడు అచ్చయ్య. “ఆకూ వక్కా పుచ్చుకున్నాక మాట ఎనక్కి పోదు.”

పెళ్లివారు తెర మీదకి వచ్చారు. పెళ్లికొడుకు తండ్రి కొండలరావు, భార్య, పక్కన మహేంద్ర. వాళ్ల వెనక బాల్కనీ, బాల్కనీ వెనక నీలంగా సముద్రం. ఆ సముద్రం ముందు తన దొంగ చెరువు ఏపాటిది అనుకున్నాడు అచ్చయ్య. పెళ్లికొడుకు తల్లి కూడా కొంగు చేతుల మీదకి కప్పుకుని కూర్చుంది. ఎంత అణకువో అని నాంచారమ్మ మురిసిపోయింది.

“చెరువు బాగుంది బావగారూ. కిటికీలోంచి గాలి బాగా వస్తుందా?” అన్నాడు కొండలరావు.

అచ్చయ్య వెనక్కి తిరిగి పచ్చగుడ్డని చూశాడు. “బాగా వస్తాదండి.”

నిజంగానే వచ్చింది, ఫ్యాను గాలి. గుడ్డ ఊగింది. చెరువు మీద పచ్చటి చారలు తేలాయి. హేమంత్ ఒక్క గెంతులో ఫ్యాను ఆపేసి, గుడ్డ మడతలు కనబడకుండా చెరిపే రంగు పరిధిని బాగా పెంచాడు. చారలు పోయాయి. రాయపూర్ మే నెల ఎండకి అందరూ చెమటలు కక్కుతున్నారు. నవ్వులు మాత్రం తగ్గనివ్వలేదు.

ముహూర్తం వచ్చింది. అచ్చయ్య పళ్లెం రెండు చేతులతో ఎత్తి కెమెరాకి చూపించాడు.

హేమంత్ కంప్యూటర్ వంక చూశాడు. తెర మీద కొబ్బరికాయ ఉంది, అరటిపళ్లు ఉన్నాయి, వక్కలున్నాయి. తమలపాకులు లేవు. ఆకులున్న చోట చెరువు కనిపిస్తోంది. చీర చూసుకున్నాడు, గాజులు చూసుకున్నాడు, అసలైన తమలపాకుల రంగు మర్చిపోయాడు.

వెంటనే పరిధి తగ్గించాడు. ఆకుల అంచులు కనబడ్డాయి, దాంతోపాటు కిటికీ నిండా పచ్చ మరకలు లేచాయి. మళ్లీ పెంచాడు. ఆకులు మాయం. రజనికి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఆకు లేని తాంబూలం ఎవరు పుచ్చుకుంటారు?

అవతల కొండలరావు ముందుకి వంగి పళ్లెంలోకి తేరిపార చూశాడు. భార్య వైపు చూశాడు. మహేంద్ర ముఖం పాలిపోయింది. తండ్రి చెవిలో ఏదో గబగబా చెప్పాడు.

“అయిపోనాది,” అని నాంచారమ్మ గొణిగింది.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు అచ్చయ్య. పళ్లెం ఒళ్లో పెట్టుకుని తల దించుకున్నాడు. “బావగారూ, మీకు ఒక్క మాట చెప్పాలండి...”

“తర్వాత చెబుదురుగాని బావగారూ, ముహూర్తం దాటిపోతోంది,” అన్నాడు కొండలరావు. “మీ తాంబూలం మాకు అందింది. మాదీ పుచ్చుకోండి.”

“వద్దు నాన్నా,” అంటూ మహేంద్ర తండ్రి చెయ్యి పట్టుకుని ఆపబోయాడు.

కొండలరావు ఆగలేదు. పళ్లెం ఎత్తి కెమెరాకి చూపించాడు. కొబ్బరికాయ, అరటిపళ్లు, వక్కలు అన్నీ ఉన్నాయి. తమలపాకులుండాల్సిన చోట విశాఖ సముద్రం అలలు కొడుతోంది.