ఆగి చెప్పిన మాట

“మీరు నేర్పినట్టే జీతం అంకె చెప్పేసి నోరు మూసుకుని కూర్చున్నా సార్. ఒప్పేసుకున్నారు! రేపు మీకు ఫోన్ చేస్తారు. నా గురించి రెండు మంచి మాటలు చెప్పండి,” అంది నా జూనియర్.

ఆ అంకె నా జీతానికి రెట్టింపు. పని నేర్పింది నేను, బేరమాడటం నేర్పిందీ నేనే.

మర్నాడు కొత్త కంపెనీ ఆవిడ ఫోన్ చేసింది. మీటింగ్ రూములోకి వెళ్లి తలుపేసుకున్నాను.

“అమ్మాయి పని ఒత్తిడి తట్టుకుంటుందాండీ?”

నేను అబద్ధమేమీ చెప్పలేదు. కాసేపు ఆగి, “మంచి పిల్లండీ,” అన్నానంతే. ఆ ఆగడం ఆవిడకి సరిపోయింది.

శుక్రవారం జూనియర్ కళ్లు తుడుచుకుంటూ నా సీటు దగ్గరికొచ్చింది. “ఆఫర్ వెనక్కి తీసుకున్నారు సార్. ఎవరి దిష్టి తగిలిందో!”

“పోనీలేమ్మా, దీని తాతలాంటి ఉద్యోగం వస్తుంది.”

“నా గురించి కాదు సార్. అక్కడ మేనేజర్ పోస్టు ఖాళీగా ఉందన్నారు. నేను రావాలంటే మిమ్మల్నీ తీసుకోవాలని పట్టుబట్టా. సరేనన్నారు. చేరిన రోజే మీకు చెబుదామని దాచా.”

ఈసారి వెంటనే ఏదో ఒకటి అనాలనుకున్నాను. మళ్లీ ఆగి, “మంచి పిల్లవమ్మా,” అన్నానంతే.