బోసి బోల్టులు

“ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క నట్టు తీసెయ్యమ్మా,” అన్నాడు పెద్దాయన.

కీర్తన చేతిలో పట్టకారు అలాగే ఆగిపోయింది.

బల్ల మీద తెల్ల అంబాసిడర్ ఉంది. అరచేతిలో ఇమిడిపోయే బొమ్మ కారు. ఆయన చేయించుకున్నదే. తీసుకెళ్ళడానికి వచ్చాడు.

భవానీపురంలో తమ ఇంటి ముందుగదిలోనే కీర్తన ఈ చిన్న కార్లు చేస్తుంది. విడిభాగాలు డబ్బాలో వస్తాయి. వాటిని వచ్చినవి వచ్చినట్టు అతికిస్తే ఆమెకు నిద్రపట్టదు.

ఈ కారు చక్రాలకు అచ్చులోనే పోసిన నట్లు కరిగిన బెల్లం చుక్కల్లా ఉన్నాయి. అన్నిటినీ బ్లేడుతో చెక్కేసింది. సన్నటి ప్లాస్టిక్ పుల్ల కోసి, కొత్తవి ఒక్కొక్కటే చేసి పెట్టింది. ఒక్కోటి ఆవగింజలో సగం కూడా ఉండదు.

“ముందు ఇలా చూడండి బాబాయిగారూ,” అంటూ భూతద్దం ఆయన వైపు జరిపింది.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వంగాడు. చాలాసేపు తలెత్తలేదు.

“ఆరు పలకలూ ఉన్నాయే!” అన్నాడు, గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించి. “స్పానర్ పెడితే తిరిగేట్టున్నాయి. ఇవి మనుషులు చేసేవేనా తల్లీ?”

కీర్తనకు కడుపు నిండినట్టయింది.

“మరి అలాంటివాటిని తీసెయ్యమంటారేంటండీ?”

“నా బండికి ఉండేవి కాదమ్మా. వీల్ కప్పులు ఎప్పుడో పోయాయి. ప్రతి చక్రానికీ ఒక బోల్టు బోసిగా కనపడేది.”

“ఆ నట్లు ఏమయ్యాయి?”

“అవసరపడ్డాయిలే.”

“కొత్తవి బిగించుకోలేదా?”

“లేదు. మా ఆవిడ ఎక్కినప్పుడల్లా తిట్టేది, పళ్ళూడిన ముసలమ్మలా ఉంది మీ కారు అని. నాకు మాత్రం పొద్దున్నే బండి తుడుస్తూ ఆ బోసి బోల్టులు చూసుకుంటే ప్రాణం లేచొచ్చేది. బండి తుక్కు కింద పోయింది. అదెలా ఉండేదో అలాగే ఇంకొక్కసారి చూసుకుందామని ఆశ.”

కీర్తన కారు కిందున్న పలక వైపు చూసింది. దాని మీద తన పేరు ఉంది.

“చూసినవాళ్ళు నేను మర్చిపోయాననుకుంటారండీ.”

“మా ఇంటికొచ్చి నట్లు లెక్కపెట్టేదెవరమ్మా?”

“నట్లు లెక్కపెట్టేవాళ్ళ కోసమే కదండీ నేను చేసేది! కావాలంటే డోరుకి సొట్ట పెట్టమనండి, పెడతాను. సొట్ట ఉంటే తప్పు బండిదనుకుంటారు. నట్టు లేకపోతే నాదనుకుంటారు.”

ఆయన పకపకా నవ్వాడు.

“గట్టిదానివే!”

నవ్వుతూనే తల తిప్పాడు. గోడ మీద దండ వేసిన ఫొటో కనపడింది. నవ్వు ఆగిపోయింది.

“నాన్నగారా?”

“అవునండీ. రామకోటేశ్వరరావు గారు. మాది చల్లపల్లి.”

ఆయన లేచి ఫొటో దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు కిందికి దించుకుని ఆ ముఖాన్ని పరీక్షగా చూశాడు.

“నువ్వు ఎన్నోదానివమ్మా?”

“ఒక్కదాన్నేనండీ.”

ఆయన వెనక్కి తిరిగి కీర్తనను చూశాడు. ఇందాక భూతద్దంలోంచి నట్లను చూసినట్టే చూశాడు.

“నట్లన్నీ ఉండనివ్వు తల్లీ.”

“అదేంటండీ, ఇప్పటిదాకా...”

“నీ చేత్తో పెట్టినవి. ఉండనీ. నేను చూసుకోవాలనుకున్నది చూసుకున్నాను.”

ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. కారు పెట్టెను గుండెకు ఆనించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కీర్తన గెలిచాననుకుంది.

కాసేపటికి తల్లి మల్లీశ్వరి రైతుబజారు నుంచి కూరల సంచీతో వచ్చింది.

“ఎలాంటి మనుషులుంటారో అమ్మా! అంత కష్టపడి చేస్తే, చక్రానికొక నట్టు పీకెయ్యమంటాడు. ఆయన అంబాసిడర్ అలాగే ఉండేదట.”

మల్లీశ్వరి సంచీ కింద పెట్టడం మర్చిపోయింది.

“తెల్లదా?”

“తెల్లదే. ఏం?”

“ఎవరాయన? పేరేంటి?”

“ఆర్డరిచ్చిన రోజే అడిగాను. అంబాసిడర్ ముసలాయన అని రాసుకో అన్నాడు. ఫోను కూడా లేదట, తనే వస్తానన్నాడు. ఏంటమ్మా, అలా చూస్తావు?”

“నువ్వు కడుపులో ఉన్నావు. నొప్పులొస్తే చల్లపల్లి నుంచి మన అంబాసిడర్‌లో బెజవాడ బయల్దేరాం. కంకిపాడు దాటాక టైరు పంక్చరైంది. పైన జోరున వాన. నాన్న ఆ చక్రం నట్లు విప్పి వీల్ కప్పులో వేశారు. కంగారులో కాలు తగిలి, కప్పుతో సహా అన్నీ కాలవలో పడ్డాయి.”

“దారిలో బండి ఆగిందన్నావు గానీ, నట్ల సంగతి ఎప్పుడూ చెప్పలేదే!”

“నట్ల సంగతి కూడా చెప్తారటే ఎవరైనా? మిగతా చక్రాల నుంచి తలా ఒకటి తీసి సర్దుదామని నాన్న స్పానర్ పట్టుకున్నారు. అప్పుడే ఎదురుగా ఇంకో తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది...”

కీర్తన చెప్పులు లేకుండానే వీధిలోకి పరిగెత్తింది.

మలుపు దాకా వెళ్ళింది. మెయిన్ రోడ్డు మీద ఆటోలు, బస్సులు, ఎండ. పెట్టెను గుండెకు ఆనించుకున్న మనిషి ఎక్కడా లేడు.

వెనకే రొప్పుతూ వచ్చిన మల్లీశ్వరి కూతురి భుజం పట్టుకుంది.

“నిండు చూలాలు కూర్చున్న బండి, దీని నట్టు ఒక్కటి కూడా కదపొద్దని నాన్న చేతిలో స్పానర్ లాక్కుని, ఆ వానలో తన బండి చక్రాలకే తలా ఒక నట్టు విప్పి, మనకు బిగించి పంపాడే ఆయన.”