కళ్ళు పెట్టని బొమ్మ

పురానాపూల్ వంతెన దగ్గర, వీధి నల్లా పక్కనున్న గోడకు ఆ పొద్దున కూడా కొత్త బొమ్మ వేలాడింది.

నీళ్ళ రంగులతో వేసిన మొహం. మేస్త్రీదో, హమాలీదో. జుట్టు తడిపి దువ్వినట్టుంది. కళ్ళు మాత్రం దారిన పోయేవాళ్ళనే చూస్తున్నాయి.

గోడ కింద ఓ పెద్దాయన, బడిపిల్లల రంగుల డబ్బా ముందు పెట్టుకుని, ఇంకో బొమ్మ వేస్తూ కూర్చున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఎవరిని చూసి వేస్తున్నాడో తెలియదు.

పైసలు అడగడు. వచ్చేపోయే కూలివాళ్ళను ఆపి, ఈ మనిషిని ఎరుగుదురా అని మాత్రం అడుగుతాడు.

మొదట్లో బస్తీవాళ్ళు నవ్వుకున్నారు. పాపం, పిచ్చాయన అన్నారు.

తర్వాత ఒకరోజు రిక్షా రాజన్న మొహం గోడ మీద కనబడింది. ఆ సాయంత్రమే రాజన్న శవం ధూల్‌పేటలో వాళ్ళింటికి వచ్చింది.

ఇక ఎవరూ నవ్వలేదు. ఆయన బొమ్మ వేస్తే ఆ మనిషి బతకడని తేల్చేశారు. తేల్చడానికి బస్తీకి ఎంతసేపు? ఆడవాళ్ళు కొంగు మొహం మీదికి లాక్కుని, గోడవైపు చూడకుండా నీళ్ళు పట్టుకునేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ భయపడింది సక్కుబాయి.

ఆమె భర్త అంజన్న తోపుడు బండి మీద బస్తాలు చేరవేసేవాడు. అది పంతొమ్మిది వందల డెబ్బై మూడో సంవత్సరం, ఎండలు మండిపోతున్న రోజులు. ఓ పొద్దున గంజి తాగి పనికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. బొంబాయి పోయుంటాడన్నారు కొందరు. ఠాణాలో చెప్పమన్నారు ఇంకొందరు. ఠాణాకు పోవాలంటేనే ఆమెకు భయం. బజారంతా తిరిగి, అందరినీ అడిగి, ఏడ్చి ఇంటికొచ్చింది.

రెండు మూడు రోజులు గడిచాక పక్కింటి రాజమణి ఉరుక్కుంటూ వచ్చింది.

"సక్కూ, గా ముసలాయన మీ ఆయన బొమ్మ గీస్తుండు."

సక్కుబాయి ఇంకేమీ వినలేదు. ఇంట్లో ఉన్న ఒక్క బిందెడు నీళ్ళు చంకనెత్తుకుని పరుగెత్తింది.

అంజన్నే. అదే మీసం. ఎడమ కనుబొమ్మ మీద అదే గాటు. కళ్ళుండాల్సిన చోట మాత్రం కాగితం తెల్లగా ఉంది.

ఇంకా కళ్ళు పెట్టలేదు, బొమ్మ పూర్తి కాలేదు, అంటే ఇంకా బతికే ఉన్నాడు అనుకుంది.

పెద్దాయన తలెత్తాడు. ఆమెను చూడగానే ఆయన మొహం వెలిగింది.

"నీకు ఎరుకేనా బిడ్డా?"

ఔనంటే మొగుణ్ణి తన చేత్తో అప్పగించినట్టే. సక్కుబాయి పళ్ళు బిగించింది.

"ఎరుకలేదు."

"జర మంచిగ చూడు. ఎక్కువ టైం లేదు."

"ఎవ్వరో ఏమో. నాకేం కాడు."

ఆ మాట అంటూనే బిందె ఎత్తి బొమ్మ మీద కుమ్మరించింది.

మీసం చెంపలోకి కారింది. చెంప మట్టిలోకి కారింది. పెద్దాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు కానీ రంగు వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. ఆయన కోపపడలేదు. అప్పటికే జనం మూగి, రాళ్ళు చేతిలోకి తీసుకున్నారు. పెద్దాయన డబ్బా సర్దుకుని వంతెన మీదుగా వెళ్ళిపోయాడు.

పొద్దు గూకింది. సక్కుబాయి గడప మీదే కూర్చుంది. చీకటి పడినా శవమేదీ ఆ గుమ్మానికి రాలేదు.

ఆమె ఆనందం పట్టలేక ఏడ్చింది. నా మనిషిని కాపాడుకున్న అని రాజమణికి చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కడుపు నిండా తిన్నది.

కానీ అంజన్న రాలేదు. వానలు మొదలైనా రాలేదు. కాగితం మీద కొంచెం రంగు మిగిలిపోయిందేమో, అందుకే ఎక్కడో చిక్కుకున్నాడేమో అని ఆమెకు గుబులు పట్టుకుంది. ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకుని అయినా అడగాలనుకుంది. వంతెన దగ్గర చాయ్ అమ్మే అతను, ఆయన రోజూ పెద్ద దవాఖాన వెనక గేటులోకి పోతాడని చెప్పాడు.

ఆ గేటు దగ్గర భిక్షపతి అనే వాచ్‌మన్ ఉన్నాడు. బొమ్మలు వేసే ఆయన అనగానే గుర్తుపట్టాడు.

"ప్రహ్లాదా? మార్చురిల పని చేస్తడక్కా."

ఎవరూ రాని శవాలకు ప్రహ్లాదే స్నానం చేయించి తల దువ్వుతాడట. పోలీసుల ఫొటో ఠాణాలోనే ఉంటుంది, కూలివాడి పెళ్ళాం ఠాణా మెట్లెక్కుతుందా అనేవాడట. అందుకే ఆ మొహాలను మనసులో పెట్టుకుని, బస్తీ బస్తీ తిరిగి బొమ్మలు వేసేవాడు. చచ్చిన మొహాన్ని ఎవరూ చూడరని కళ్ళు తెరిచినట్టు వేసేవాడు. శవమంటే దగ్గరికే రారని నోరు విప్పేవాడు కాదు. బొమ్మ చూసి ఎవరో పేరు చెబితే, రాజన్నను వాళ్ళింటికి చేర్చింది అట్లాగేనట.

కనుబొమ్మ మీద గాటున్న మనిషి ఎవరన్నా వచ్చాడా అని సక్కుబాయి మెల్లగా అడిగింది.

వచ్చాడన్నాడు భిక్షపతి. బార్కస్ రోడ్డు మీద వడదెబ్బకు పడిపోయాడు. పేరు కూడా తెలియదు. ప్రహ్లాద్ బార్కస్ నుంచి మొదలుపెట్టి అన్ని బస్తీలూ తిరిగాడు. శవాన్ని ఉంచగలిగిన ఆఖరి రోజున పురానాపూల్‌లో ఎవరో ఆ బొమ్మ మీద నీళ్ళు పోశారు.

ఆమె గేటు ఊచలు పట్టుకుంది.

"మరి ఎవరు దహనం చేసిన్రన్నా?"

"ప్రహ్లాదే అక్కా. అయినోళ్లు ఎవ్వరు లేరని, ఆ మాపే మీ పురానాపూల్ ఘాట్‌ల తలకొరివి ఆయనే పెట్టిండు."